నాగపట్నం – కాంకేసంతురై ఓడ: మా నాయనను తీసుకుపోదామనుకుంటున్నా, ఎవరైనా వెళ్ళొచ్చారా?

బైరాగిపట్టెడ_బాబు:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా నాయన రిటైర్డ్ టీచర్, డెబ్బై దాటాయి, అయినా శ్రీవారి మెట్టు ఇప్పటికీ ఎక్కుతాడు, మోకాళ్ళ గొడవ లేదు. అష్టాదశ శక్తిపీఠాల్లో అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం, కంచి, మైసూరు, కొల్హాపూర్ ఇట్లా ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. కాశ్మీరుది సరిహద్దు అవతల ఉంది కాబట్టి దాని మీద ఆశ వదిలేశాడు. ఇక మిగిలింది లంకలో శాంకరీ దేవి, ట్రింకోమలిలో. విమానం టికెట్ తీస్తానంటే వద్దంటున్నాడు, 'లంకకు సముద్రం దాటే పోవాలిరా' అని పట్టుబట్టాడు. సరేనని వెతికితే తమిళనాడు నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గర కాంకేసంతురైకి ప్యాసింజర్ ఓడ ఉందని తెలిసింది. యూట్యూబ్‌లో ఒకడేమో స్వర్గం అంటాడు, ఇంకొకడు వాంతులు తప్ప ఏమీ లేవంటాడు. సంక్రాంతికి నాకు సెలవులు ఉన్నాయి, అప్పుడు పోవచ్చా? టికెట్, సామాను, వీసా, పెద్దవాళ్ళకు ఇబ్బందులు, తెలిసింది చెప్పండి.

కాళహస్తి_శీను:
బాబూ, మద్రాసు ఎయిర్‌పోర్టుకు మన దగ్గర నుంచి మూడు గంటలు, అక్కడి నుంచి జాఫ్నాకు గంటన్నర. దానికి బదులు నాగపట్నం దాకా రైల్లో పోయి, రాత్రి అక్కడ పడుకుని, పొద్దున్నే లైన్లో నిలబడి, నాలుగు గంటలు ఓడలో ఊగడం ఎందుకు? పెద్దాయనకు నచ్చజెప్పు.

పాకాల_జంక్షన్:
శీను అన్న లెక్క కరెక్టే గానీ అడిగింది అది కాదు కదా. నేను పోయొచ్చాను, అందుకే రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

ముందు సంక్రాంతి సంగతి. జనవరిని మరిచిపో. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు మొదలైతే అటువైపు సముద్రం మాట వినదు, సర్వీసు ఆపేస్తారు. 2023 అక్టోబరు 14న చెరియపాణి అనే ఓడతో ప్రారంభించారు, ప్రధాని వీడియోలో జెండా ఊపాడు, వారం తిరక్కుండానే వాతావరణం బాగాలేదని ఆపేశారు. మళ్ళీ మొదలైంది 2024 ఆగస్టు 16న, ఈసారి శివగంగై అనే ఓడ, 150 మంది దాకా పడతారు. ఆ ఏడాదీ వానలకు ఆగింది, 2025 ఫిబ్రవరి 22న మళ్ళీ తిప్పారు. కాబట్టి ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో పెట్టుకో. ఎండలూ ముదరవు, సముద్రమూ అప్పటికి కాస్త సర్దుకుంటుంది.

టికెట్: 2024లో మొదలుపెట్టినప్పుడు ఒకవైపుకు మామూలు సీటు 5000, ప్రీమియం 7500 అన్నారు. 2025లో రానుపోను 8500, 10 కిలోల సామాను ఉచితం అన్నారు, అంతకు మించితే డబ్బు కట్టాలి. ఈ రేట్లు పట్టుకుని కూర్చోవద్దు, సీజన్ సీజన్‌కూ మారుస్తున్నారు, బుక్ చేసే రోజు సైట్‌లో ఏముందో అదే. 2025లో మన కేంద్రం నెలకు రెండున్నర కోట్ల శ్రీలంక రూపాయలకు పైగా సాయం ఇచ్చింది కాబట్టి ఈ మాత్రం రేటుకైనా తిరిగింది, లేకపోతే 150 సీట్ల ఓడకు డీజిల్ ఖర్చు కూడా రాదు.

రేవులో జరిగేది చెప్తా. విమానం ఎక్కినట్టే, కానీ అన్నీ చిన్న సైజులో. సామాను తూకం, ట్యాగు, కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్, అన్నీ ఒకే షెడ్డు లాంటి బిల్డింగులో అయిపోతాయి. జాఫ్నాలో ఎక్కడ ఉంటావని అడిగారు, హోటల్ బుకింగ్ కాగితం ప్రింట్ తీసుకుపోవడం మంచిది, ఫోన్‌లో చూపిస్తానంటే అక్కడ సిగ్నల్ నమ్మలేం. చిన్న వ్యాపారులు కొందరు పెద్ద పెద్ద మూటలతో వస్తారు, లైను కదలనిది వాళ్ళ దగ్గరే. కాబట్టి చెప్పిన టైముకంటే ముందే పోయి నిలబడండి.

ఓడ నది మొగలోంచి మెల్లగా బయటికి పోతుంది, రెండు పక్కలా మరపడవలు వరసగా కట్టేసి ఉంటాయి, ఎండుచేపల వాసన గుప్పుమంటుంది. ఆ కాసేపూ అందరూ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తారు. మొగ దాటిన పావుగంటకు ఒక్క ఫోను కూడా పైన ఉండదు, అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి. లోపల ఏసీ మరీ చల్లగా పెడతారు, ఒక శాలువా పెట్టుకో. అద్దాల మీద ఉప్పునీళ్ళు పడి ఎండి తెల్లగా చారలు కట్టేస్తాయి, కిటికీ సీటు కోసం కొట్టుకోవద్దు, మధ్యాహ్నానికి అందులోంచి ఏమీ కనపడదు.

కుప్పం_రాజా:
అన్నా, ఓటరు కార్డుతో పంపరా? నేపాల్‌కు పంపుతారు కదా.

పాకాల_జంక్షన్:
లేదు రాజా, పాస్‌పోర్టు ఉండాల్సిందే. దాంతోపాటు శ్రీలంక వాళ్ళ ఈటీఏ, అంటే వీసా లాంటి ప్రయాణ అనుమతి, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. ఫీజు ఉందా లేదా అన్నది వాళ్ళు అప్పుడప్పుడూ మారుస్తుంటారు, వాళ్ళ ప్రభుత్వ సైట్‌లోనే చూసుకో. అదే పేరుతో దళారీ సైట్లు గూగుల్‌లో పైన కనిపిస్తాయి, రెండింతలు గుంజుతాయి.

నగరి_భారతి:
బాబు గారూ, మా అత్తమ్మను తీసుకుని వెళ్ళాను కాబట్టి పెద్దవాళ్ళ సంగతి నేను చెప్తాను. మగవాళ్ళు ఇవి రాయరు.

ఎక్కేటప్పుడు రేవు గట్టు నుంచి ఓడకు ఒక పలక లాంటి మెట్ల వంతెన వేస్తారు. ఓడ కింద ఊగుతుంటే అదీ ఊగుతుంది. సిబ్బంది చెయ్యి పట్టుకుని దాటిస్తారు, భయం లేదు, కానీ పంచె కట్టుకునే పెద్దాయన అయితే ఆ పూటకు ప్యాంటు వేయించండి, గాలికి పంచె కాళ్ళకు చుట్టుకుంటే కష్టం. చెప్పులు కూడా జారనివి. టాయిలెట్ ఉంది, శుభ్రంగానే ఉంది, కానీ ఓడ ఊగేటప్పుడు అక్కడిదాకా నడవడమే పెద్ద పరీక్ష, బయలుదేరే ముందే రేవులో పని ముగించుకుని ఎక్కండి. బీపీ, షుగర్ మాత్రలు చేతి సంచిలో పెట్టుకోండి, పెద్ద సామాను తీసుకెళ్ళి వేరే చోట పెట్టేస్తారు, మధ్యలో అడిగితే ఇవ్వరు.

తినడం: మా అత్తమ్మ పొద్దున్నే ఏమీ తినను, వాంతి అవుతుంది అని మొండికేసింది. ఖాళీ కడుపుతోనే ఎక్కువ తిప్పుతుంది. రెండు ఇడ్లీలు, చట్నీ వద్దు, కాఫీ అసలు వద్దు. వాంతి మాత్ర ఓడ ఎక్కిన తర్వాత వేసుకుంటే లాభం లేదు, అరగంట గంట ముందే వేసుకోవాలి, నిద్ర వస్తుంది, అదీ మంచిదే. అయితే పెద్దవాళ్ళకు వేరే మందులు ఉంటాయి కాబట్టి మీ డాక్టర్‌ను అడిగి ఇప్పించండి. అల్లం మురబ్బా ముక్క బుగ్గన పెట్టుకుంది మా అత్తమ్మ, మాత్ర కంటే అదే పనిచేసిందని ఇప్పటికీ వాదిస్తుంది.

ఇంకో మాట. ఒకరోజు ముందే నాగపట్నం చేరుకుంటారు కదా, మేము వేళాంకణ్ణి, నాగూరు దర్గా, సిక్కల్ మురుగన్ గుడి మూడూ ఆ ఒక్క సాయంత్రమే చూసుకున్నాం, అన్నీ దగ్గర దగ్గరే.

కాళహస్తి_శీను:
మేడం ఇంత చెప్పాక కూడా ఓడేనా? పలక, పంచె, వాంతి, టాయిలెట్... 😀

పుత్తూరు_కట్టు:
శీను, నువ్వు గట్టు మీద కూర్చుని భయపెట్టొద్దు. నేను మర్చంట్ నేవీలో ఇంజన్ రూమ్‌లో పనిచేసి వచ్చినవాణ్ణి, అసలు ఎందుకు ఊగుతుందో చెప్తా, అప్పుడు ఎక్కడ కూర్చోవాలో మీకే తెలుస్తుంది.

నాగపట్నం నుంచి కాంకేసంతురై సుమారు 60 నాటికల్ మైళ్ళు, అంటే 110 కిలోమీటర్ల పైన. పాక్ జలసంధి లోతు తక్కువ. లోతైన సముద్రంలో అల పొడవుగా, నిదానంగా వస్తుంది, ఓడ దాని మీద ఎక్కి దిగుతుంది, అంతే. లోతు తక్కువైన చోట గాలి తగిలితే అలలు పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే వస్తాయి. గతుకుల రోడ్డు మీద పల్లెవెలుగు బస్సులో వెనక సీట్లో కూర్చుంటే ఎట్లా ఉంటుందో అట్లా. పెద్ద ఓడైతే రెండు మూడు అలల మీద ఒకేసారి పడుకుంటుంది, ఇది చిన్నది కాబట్టి ప్రతి అలకూ లేస్తుంది. ఈశాన్య గాలి వచ్చిందంటే ఆ తీరం మీదికి నేరుగా కొడుతుంది, అందుకే ఆ నెలల్లో ఆపేయడం, అది వాళ్ళ బద్ధకం కాదు.

సీటు: ముందు భాగం వద్దు, అక్కడే ఎక్కువ ఎగిరి పడుతుంది. ఓడ మధ్యలోనో కొంచెం వెనకనో, కింది అంతస్తులో, నడవ పక్కన. ప్రీమియం అని పైన కూర్చోబెడతారు, ఎత్తు పెరిగే కొద్దీ పక్కలకు ఊగడం ఎక్కువవుతుంది, కాబట్టి ఊగుడు పడనివాళ్ళకు డబ్బులు ఎక్కువ ఇచ్చి బాధ కొనుక్కోవడమే. ఫోన్ చూడొద్దు, పుస్తకం వద్దు. దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీత కనిపిస్తే దాన్నే చూడాలి, లేదంటే కళ్ళు మూసుకోవాలి.

హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార సంస్థ ఉంది, అలల ఎత్తు ముందురోజులకు కూడా వాళ్ళ సైట్‌లో ఇస్తారు. బయలుదేరే రెండు రోజుల ముందు నుంచి చూస్తూ ఉండు. రేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని పేపర్లో కనిపించిందా, ఇక పెట్టె సర్దే పని లేదు.

చిత్తూరు_మామిడి:
ఈ ఊగుడంతా కొత్తేం కాదులే. మా జేజినాయన కాలంలో మద్రాసు ఎగ్మోర్‌లో టికెట్ కొంటే కొలంబో దాకా అదే టికెట్. బోట్ మెయిల్ అనేవాళ్ళు. 1914లో పాంబన్ వంతెన పూర్తయ్యాక రైలు ధనుష్కోడి కొస దాకా పోయేది, అక్కడ దిగి స్టీమర్ ఎక్కితే అవతల తలైమన్నార్, అక్కడ మళ్ళీ రైలు. మధ్యలో సముద్రం ముప్పై కిలోమీటర్లు అటూ ఇటూ. తోటల్లో పనికి పోయే కూలీలనైతే మండపం క్యాంపులో ఆపి, రోగాలు లేవని తేలిన తర్వాతే ఓడ ఎక్కించేవాళ్ళు.

1964 డిసెంబరు 22 రాత్రి తుఫానుకు ధనుష్కోడి ఊరే పోయింది, స్టేషన్‌కు వస్తున్న ప్యాసింజర్ రైలు జనంతో సహా అలల్లో కొట్టుకుపోయింది. తర్వాత కొన్నేళ్ళు రామేశ్వరం నుంచి తలైమన్నార్‌కు నడిపారు, అవతల యుద్ధం మొదలయ్యాక 80ల్లో అదీ ఆగింది. 2011లో తూత్తుకుడి నుంచి కొలంబోకు స్కోషియా ప్రిన్స్ అని పెద్ద ఓడ వేశారు, జూన్‌లో మొదలై నవంబరుకల్లా మూతపడింది. అందుకే ఈ నాగపట్నం ఓడ ఆగుతూ ఆగుతూ అయినా తిరుగుతోందంటే నాకు సంతోషమే.

రామేశ్వరం నుంచే వేయొచ్చు కదా, దగ్గర కదా అని ఎవరైనా అడుగుతారు. అక్కడ ఇసుక తిన్నెలు, లోతు లేదు, పాత జెట్టీలు శిథిలం, మళ్ళీ కట్టాలి, మాటలు నడుస్తూనే ఉన్నాయి. నాగపట్నంలో ఈ ఓడ కోసమే 2023లో పూడిక తీశారు. అవతల కాంకేసంతురై రేవు బాగుచేయడానికి మన దేశమే 6 కోట్ల డాలర్లకు పైగా గ్రాంటు ఇస్తోంది.

కుప్పం_రాజా:
2022 నుంచి తిరుపతి జిల్లాకు కూడా సముద్రం వచ్చింది కదా అన్నా, సూళ్ళూరుపేట అంతా మనదే. మనకెప్పుడు ఓడ?

చిత్తూరు_మామిడి:
అక్కడ రాకెట్ ఎక్కాల్సిందే రాజా.

పాలమనేరు_సుధ:
నేనొక చేదు సంగతి చెప్తా, భయపెట్టడానికి కాదు. మేము ఓడ టికెట్, జాఫ్నా హోటల్, కారు అన్నీ కలిపి ప్యాకేజీగా మా ఊరి ట్రావెల్ ఏజెంట్ దగ్గర తీసుకున్నాం. ముందురోజు సాయంత్రం వాతావరణం బాగాలేదు, రేపు ఓడ లేదు అని మెసేజ్ వచ్చింది. సముద్రం మన చేతిలో లేదు, దానికి ఎవరినీ అనేది లేదు. కానీ హోటల్, కారు డబ్బులు ఏజెంట్ తిరిగి ఇవ్వడానికి చుక్కలు చూపించాడు, అటు అడిగితే ఇటు, ఇటు అడిగితే అటు. చివరికి సగం వచ్చింది. కాబట్టి ఓడ టికెట్ నేరుగా సైట్‌లో మీ పేరు మీదే కొనండి, ఓడ రద్దయితే దాని డబ్బు నేరుగా మీకే వస్తుంది. హోటల్ ముందురోజు దాకా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. కారు అక్కడికి పోయాక మాట్లాడుకోండి, తమిళం వస్తే చాలు, బేరం కూడా చేయొచ్చు.

నిర్వాహకుడు:
ఏజెంట్ పేరు అడుగుతూ నాకు ప్రైవేటు మెసేజ్‌లు పంపుతున్నారు. పేర్లు ఇక్కడ వద్దు. ప్యాకేజీల ప్రకటనలు పెట్టినవి రెండు తీసేశాను.

బైరాగిపట్టెడ_బాబు:
అందరికీ చాలా థాంక్స్. మీరు రాసినవన్నీ మా నాయనకు చదివి వినిపించా. పంచె విషయం దగ్గర కొంచెం కోపం వచ్చింది, ప్యాంటుతో గుడికి పోవాలా అన్నాడు, ఓడలో మాత్రమేనని ఒప్పించా. సంక్రాంతి ప్లాన్ తీసేశా, మార్చి మొదటి వారం అనుకుంటున్నా. ఇంకో రెండు సందేహాలు. తిరుపతి నుంచి నాగపట్నానికి ఏది మేలు? కాంకేసంతురైలో దిగాక ట్రింకోమలి ఎంత దూరం, ఒక్కరోజులో పోయి రావచ్చా?

పాకాల_జంక్షన్:
రైలు అంటే నా పేరు చూసైనా నన్నే అడగాలి. తిరుపతి – మన్నార్‌గుడి పామణి ఎక్స్‌ప్రెస్ ఉంది. పాకాల, చిత్తూరు, కాట్పాడి, తిరువణ్ణామలై, విల్లుపురం, చిదంబరం, మాయవరం మీదుగా పోతుంది. పగటి బండి, రాత్రికి తిరువారూరులో దిగితే నాగపట్నం అక్కడికి పాతిక కిలోమీటర్లే. రోజూ ఉండదు, వారంలో కొన్ని రోజులే, చూసుకుని ఓడ తేదీతో కలుపుకో. అది కుదరకపోతే మద్రాసు ఎగ్మోర్ నుంచి కారైకాల్ పోయే రాత్రి బండి నేరుగా నాగపట్నంలోనే ఆగుతుంది. కానీ ఆ బండి దిగి అదే పొద్దున ఓడ ఎక్కుదామని మాత్రం పెట్టుకోవద్దు. బండి గంట లేటైతే ఓడ ఆగదు.

ట్రింకోమలి ఒక్కరోజులో పోయి రావడం పెద్దాయనతో వద్దు. జాఫ్నా నుంచి వవునియా మీదుగా అయిదారు గంటలు పడుతుంది. రోడ్డు బాగుంటుంది, బస్సులూ ఉన్నాయి. ఒక రాత్రి అక్కడే ఉండి, పొద్దున దర్శనం చేసుకుని వెనక్కి రండి. కోణేశ్వరం గుడి కొండ అంచున ఉంటుంది, కింద సముద్రం. అమ్మవారి గుడి దాని పక్కనే. ఫ్రెడరిక్ కోట లోపలి నుంచి నడిచి పోవాలి, దారిలో జింకలు మన చేతి సంచిలో ఏముందో వాసన చూస్తాయి. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు కూల్చేసి ఆ రాళ్ళతోనే కోట కట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. ఈ సంగతి పెద్దాయనకు ముందే చెప్పు, టీచర్ కదా, అక్కడ రాళ్ళన్నీ తడిమి చూస్తాడు.

నగరి_భారతి:
జాఫ్నాలో కూడా ఒకరోజు ఉంచుకోండి. దిగిన రోజు ఎటూ తిరగలేరు, నేల మీద నిలబడినా తల ఊగుతున్నట్టే ఉంటుంది, రాత్రికి సర్దుకుంటుంది. రేవు దగ్గరే కీరిమలై, నగులేశ్వరం శివుడి గుడి, పక్కనే ఊట నీళ్ళ కొలను, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ వేరువేరుగా. నల్లూరు కందస్వామి గుడిలో మగవాళ్ళు చొక్కా తీసే లోపలికి పోవాలి, మీ నాయన గారి పంచె కోరిక అక్కడ తీరుతుంది. శాకాహారం దొరుకుతుంది, ఇడియాప్పం, పిట్టు, కొబ్బరి సంబల్. కూరలు మాత్రం మన చిత్తూరు కారానికి ఏమాత్రం తగ్గవు.

ఓపిక ఉంటే నయినాతీవు కూడా. జాఫ్నా నుంచి కారులో వంతెన రోడ్ల మీద కురికట్టువాన్ జెట్టీ దాకా పోయి అక్కడ పడవ ఎక్కాలి, నాగపూషణి అమ్మవారు. అక్కడివాళ్ళు దాన్ని కూడా శక్తిపీఠమే అంటారు. ఆ పడవలో పైన చోటు ఉంటే పైనే కూర్చోండి, లోపల డీజిల్ వాసన.

కాళహస్తి_శీను:
సరే, నేను ఓడిపోయాను గానీ ఒక మాట వినండి. పోయేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకోండి. జాఫ్నా ఎయిర్‌పోర్ట్ పలాలిలో, ఆ రేవుకు దగ్గరలోనే ఉంది. సముద్రం దాటాలన్న పెద్దాయన మాట నిలబడుతుంది. తిరుగు ప్రయాణంలో ఓడ రద్దయి లంకలో ఇరుక్కుంటే నీ సెలవులు ఎవరు పెంచుతారు?

పుత్తూరు_కట్టు:
ఇన్ని పోస్టుల్లో శీను చెప్పిన మంచి మాట ఇదే. పోయేటప్పుడు ఓడ ఆలస్యమైతే నాగపట్నంలో ఒకరోజు ఎక్కువ ఉంటాడు, లేదా ఇంటికి వచ్చేస్తాడు. వచ్చేటప్పుడు ఆగితే పరాయి దేశంలో హోటల్ ఖర్చు. పోయేటప్పుడు కూడా ముందూ వెనకా రెండేసి రోజులు ఖాళీ పెట్టుకోనివాళ్ళు ఈ ఓడ ఎక్కొద్దని నేను అందరికీ చెప్తాను. ఒకవైపు టికెట్ ఇస్తారా, రానుపోను కలిపే ఇస్తారా అన్నది మాత్రం ముందే చూసుకో.

పాలమనేరు_సుధ:
విమానం చిన్న ఏటీఆర్, అంటే రెక్కలకు ఫ్యాన్లుండే రకం, దానికీ సామాను లిమిట్ ఉంటుంది. రెండింటిలో ఏది తక్కువో దానికి సరిపడా సర్దుకోండి. డబ్బు జాఫ్నాలో మార్చుకోవచ్చు, మన రూపాయికి వాళ్ళవి మూడు పైనే వస్తాయి, రేవులో అయితే కొద్దిగా మాత్రమే మార్చుకోండి.

బైరాగిపట్టెడ_బాబు:
ఖాయం చేసేశాం. పోయేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం. నాయన పాస్‌పోర్ట్ గడువు చూస్తే ఇంకో నాలుగు నెలలే ఉంది, రెన్యువల్‌కు తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో స్లాట్ తీసుకున్నా. అది చేతికి వచ్చాకే టికెట్. శీను అన్నా, మీరు కూడా రాకూడదూ?

కాళహస్తి_శీను:
వస్తా. జాఫ్నా ఎయిర్‌పోర్ట్‌లో కలుస్తా.